పన్నెండు మందితో తేలిన ఫలితాన్ని ఎంతవరకు నమ్మొచ్చు?
క్రీడా మనస్తత్వ పరిశోధనలో శాంపిల్ సైజు లెక్కలు

గచ్చిబౌలి వైపు ఏదో ఒక బ్యాడ్మింటన్ అకాడమీ అనుకుందాం. 24 మంది జూనియర్లు ఉన్నారు. చీటీలు తీసి వాళ్లను పన్నెండేసి మంది చొప్పున రెండు గ్రూపులు చేశారు. మొదటి గ్రూపు ఆరు వారాల పాటు రోజూ పావుగంట కళ్లు మూసుకుని, తాము సర్వీస్ వేస్తున్నట్టు మనసులో చూసుకునే సాధన చేసింది. కోచ్‌లు ఇమేజరీ అనేది దీన్నే. రెండో గ్రూపు ఆ పావుగంటా మామూలు వార్మప్ చేసింది. చివర్లో అందరిచేతా ఇరవయ్యేసి షార్ట్ సర్వీసులు వేయించి, సర్వీస్ గీత వెనక టేపు అంటించి గుర్తుపెట్టిన గడిలో ఎన్ని పడ్డాయో లెక్కపెట్టారు. ఇమేజరీ గ్రూపు సగటు ఎక్కువగా ఉంది. పి విలువ, అంటే అసలు ప్రభావమే లేకపోయినా అదృష్టం కొద్దీ ఇంత లేదా ఇంతకంటే ఎక్కువ తేడా కనబడే అవకాశం, 0.04. అది 0.05 కంటే తక్కువైతే ఫలితాన్ని "గణనీయం" అనడం ఆనవాయితీ. థీసిస్‌లో "గణనీయమైన ప్రభావం" అని రాసేశారు. మరుసటి ఏడాది సికింద్రాబాద్‌లో ఇంకొకరు అచ్చం అదే పద్ధతిలో చేస్తే తేడా ఏమీ కనబడలేదు.

ఇది ఊహించి చెప్పిన ఉదాహరణే గానీ ఈ రంగంలో తరచూ జరిగేదే. అప్పుడు అందరూ వెతికే కారణాలు ఒకేలా ఉంటాయి: కోచ్ వేరు, పిల్లలు వేరు, హాల్లో గాలి వేరు. అవి కూడా ఉండొచ్చు. కానీ వాటికంటే ముందు మొదటి ఫలితాన్నే అనుమానించాలి. చిన్న శాంపిల్ అనగానే "ఉన్న ప్రభావం కనబడకపోవచ్చు" అన్న ఒక్క భయమే చాలామందికి ఉంటుంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. చిన్న శాంపిల్‌లో ప్రభావం కనబడినప్పుడల్లా అది ఉన్నదానికి రెండింతలో మూడింతలో పెద్దదై కనబడుతుంది. ఎందుకో ఆ ఇరవై సర్వీసుల దగ్గరే చూద్దాం.

ఇరవై సర్వీసుల్లో ఎంత అదృష్టం ఉంది

ఒక అమ్మాయి అసలు నైపుణ్యం 60 శాతం అనుకోండి. అంటే వేల సర్వీసులు వేయిస్తే నూటికి అరవై గడిలో పడతాయి. ఆ అమ్మాయిచేత ఇరవయ్యే వేయిస్తే సగటున 12 పడాలి. కానీ ఏమీ మారకుండానే ఒక రోజు 8, ఇంకో రోజు 16 పడొచ్చు. ఇరవై సర్వీసుల పరీక్షలో నూటికి 95 సార్లకు పైగా స్కోరు ఆ ఎనిమిదికీ పదహారుకీ మధ్య ఎక్కడో ఉంటుంది. సోమవారం తొమ్మిది, శుక్రవారం పద్నాలుగు వేసిన పిల్లను చూసి "ఇమేజరీ పనిచేసింది" అనుకోవడం ఎంత సులభమో చూడండి.

ఇప్పుడు గ్రూపుల సంగతి. ప్రభావ పరిమాణాన్ని సాధారణంగా "డి"తో కొలుస్తారు. రెండు గ్రూపుల సగటుల తేడాను ఆటగాళ్ల మధ్య ఉండే మామూలు హెచ్చుతగ్గులతో, అంటే స్టాండర్డ్ డీవియేషన్‌తో, భాగిస్తే వచ్చేది ఇదే. మన ఉదాహరణలో స్టాండర్డ్ డీవియేషన్ 3 సర్వీసులు అనుకుందాం. ఇమేజరీ వల్ల నిజంగా ఇరవైకి ఒక సర్వీసు, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే 0.9, మెరుగుపడుతుందనుకుంటే డి 0.3 అవుతుంది. ఒక మానసిక శిక్షణకు ఇది తక్కువేమీ కాదు.

గ్రూపుకు 12 మందే ఉన్నప్పుడు పి విలువ 0.05 కిందకి రావాలంటే, కనబడే డి కనీసం 0.85 ఉండి తీరాలి. రెండు సగటులను పోల్చే టీ-టెస్టు సూత్రంలోంచి నేరుగా వచ్చే లెక్క ఇది. అంటే గ్రూపుల మధ్య రెండున్నర సర్వీసుల తేడా రావాలి. నిజమైన తేడా ఒక్క సర్వీసు కూడా లేదు. కాబట్టి నిజం చెప్పే అధ్యయనాలన్నీ "ప్రభావం లేదు" అనిపించుకుని బీరువాలోకి పోతాయి. అదృష్టం కలిసొచ్చి తేడా మూడింతలైన అధ్యయనం మాత్రమే అచ్చవుతుంది. ఈ పరిస్థితిలో ఉన్న ప్రభావాన్ని పట్టుకునే అవకాశం, అంటే గణాంకవేత్తలు పవర్ అనేది, సుమారు 10 శాతం. పదిమంది ఇదే అధ్యయనం చేస్తే ఒకరికి దొరుకుతుంది, ఆ ఒకరికీ తప్పుడు సైజులో దొరుకుతుంది. సికింద్రాబాద్ అధ్యయనం "విఫలం" కావడంలో వింతేమీ లేదు. రెండింట్లో వింతైనది మొదటిదే.

దీన్ని ఒక రంగం మొత్తానికి వర్తింపజేస్తే బొమ్మ ఇంకా స్పష్టమవుతుంది. వంద ఊహలను పరీక్షిస్తున్నారనీ, వాటిలో 20 నిజమనీ అనుకుందాం. పవర్ 80 శాతం ఉంటే ఆ ఇరవైలో 16 దొరుకుతాయి. మిగతా 80 తప్పుడు ఊహల్లో 5 శాతం, అంటే 4, పొరపాటున పాసవుతాయి. అచ్చయిన 20 ఫలితాల్లో 16 నిజం. పవర్ 20 శాతానికి పడిపోతే నిజమైనవి నాలుగే దొరుకుతాయి, తప్పుడువి మాత్రం ఆ నాలుగూ అలాగే ఉంటాయి. అచ్చయినవాటిలో సగం అబద్ధం. ఇక్కడ ఎవరూ మోసం చేయలేదు, ఎవరూ అంకెలు దిద్దలేదు. చిన్న శాంపిళ్లు చేసిన పని ఇదంతా.

ఇది లెక్కలకే పరిమితమైన భయం కాదు

2015లో ఓపెన్ సైన్స్ కొలాబరేషన్ అనే బృందం మనస్తత్వశాస్త్రంలో అచ్చయిన 100 అధ్యయనాలను మళ్లీ చేసి, ఫలితాలను సైన్స్ పత్రికలో ప్రచురించింది. మొదట 97 శాతం అధ్యయనాల్లో ఫలితం గణనీయంగా ఉంది. మళ్లీ చేస్తే అది 36 శాతానికి తగ్గింది. ప్రభావాల సైజు సగటున సగమైంది. మరుసటి ఏడాదే ష్వైట్జర్, ఫుర్లే అనే ఇద్దరు పరిశోధకులు క్రీడా మనస్తత్వ రంగంలోని నాలుగు ప్రధాన జర్నళ్లలో 2009–2013 మధ్య వచ్చిన అధ్యయనాల శాంపిళ్లను తీసి చూశారు. మనస్తత్వశాస్త్రంలో మామూలుగా కనబడే సైజు ప్రభావాలను పట్టుకోవడానికి చాలా అధ్యయనాల శాంపిల్ చాలదని తేల్చారు.

ఆటలకు బాగా దగ్గరైన ఒక ఉదాహరణ "సంకల్పబలం ఖర్చైపోతుంది" అన్న సిద్ధాంతం. ఒక పనిలో నిగ్రహం చూపిస్తే తర్వాతి పనికి నిగ్రహం తగ్గుతుందని అది చెబుతుంది. మ్యాచ్ చివరి గేముల్లో తప్పులు ఎందుకు పెరుగుతాయో వివరించడానికి దీన్ని క్రీడా పరిశోధకులు చాలా వాడారు. 2010లో 198 పరీక్షలను కలిపి లెక్కిస్తే డి 0.62 వచ్చింది, అంటే బలమైన ప్రభావమే. 2016లో 23 ల్యాబులు ముందే ఒప్పుకున్న ఒకే పద్ధతిలో 2,141 మందితో మళ్లీ చేస్తే డి 0.04. 2021లో 36 ల్యాబులు 3,531 మందితో చేసినప్పుడు 0.06. వందల చిన్న అధ్యయనాలను కలిపేస్తే ఒక పెద్ద అధ్యయనంతో సమానమవుతుందన్న నమ్మకం ఇక్కడ బాగా దెబ్బతింది. వడపోసినవాటిని ఎన్ని కలిపినా వడపోతలో పోయినవి తిరిగి రావు.

పునఃపరిశీలన ప్రతిసారీ పాత నమ్మకాన్ని కూల్చేయదు. ఒక్కోసారి దాన్ని మళ్లీ నిలబెడుతుంది కూడా. బాస్కెట్‌బాల్‌లో వరసగా బుట్టలు వేసినవాడు తర్వాతిదీ వేస్తాడన్న నమ్మకం, మన క్రికెట్ భాషలో "వాడు ఫామ్‌లో ఉన్నాడు" అనడం, భ్రమేనని 1985లో గిలోవిచ్, వాలోన్, ట్వెర్‌స్కీ అనే పరిశోధకులు తేల్చారు. ముప్పై మూడేళ్ల తర్వాత 2018లో మిల్లర్, సాన్‌హుర్హో అనే ఆర్థికశాస్త్రవేత్తలు ఆ లెక్కలోనే ఒక సన్నని దోషం పట్టుకున్నారు. దాన్ని కాగితం మీద ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఒక నాణేన్ని మూడుసార్లు ఎగరేస్తే ఎనిమిది వరసలు సాధ్యం. ప్రతి వరసలో "బొమ్మ పడ్డాక వెంటనే మళ్లీ బొమ్మ పడ్డ నిష్పత్తి" రాయండి. బొమ్మ-బొమ్మ-బొమ్మకు 1, బొమ్మ-బొమ్మ-బొరుసుకు అర, బొరుసు-బొమ్మ-బొమ్మకు 1. బొమ్మ-బొరుసు-బొమ్మ, బొమ్మ-బొరుసు-బొరుసు, బొరుసు-బొమ్మ-బొరుసు, ఈ మూడింటికీ సున్నా. మిగతా రెండు వరసల్లో మొదటి రెండు ఎగరవేతల్లో బొమ్మే లేదు కాబట్టి వాటికి లెక్క లేదు. ఆరింటి సగటు రెండున్నర బై ఆరు, అంటే 0.42. నాణెంలో ఏ వంకరా లేకపోయినా సగానికి తక్కువే వచ్చింది!

వంద షాట్ల వరసలో, మూడు వరస విజయాల తర్వాత ఏమవుతుందో చూసినా 50 శాతం ఆటగాడికి సగటున 46 శాతమే వస్తుంది. అంటే "50 శాతమే వచ్చింది కాబట్టి ఫామ్ లేదు" అన్న వాదన, నిజానికి కొంత ఫామ్ ఉందనడానికి ఆధారం. ఆ లోపం సరిదిద్దితే పాత డేటాలోనే ఫామ్ జాడ కనబడింది. 1985 నాటి అంకెలు దొరక్కపోయి ఉంటే వాటిని ఇలా మళ్లీ లెక్కించే దారే ఉండేది కాదు.

ఎంతమంది కావాలి

80 శాతం పవర్, 5 శాతం పి హద్దు పెట్టుకుంటే, రెండు వేర్వేరు గ్రూపుల పోలికకు నోటి లెక్క ఒకటుంది: 16ను డి వర్గంతో భాగించండి, వచ్చేది ఒక్కో గ్రూపుకు కావలసిన సంఖ్య. ఇది కాస్త అటూఇటూగా ఉంటుంది. కచ్చితంగా వేస్తే డి 0.8 అయితే 26 మంది, 0.5 అయితే 64, 0.3 అయితే 176, 0.2 అయితే 394. జీ-పవర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ కచ్చితమైన లెక్క చేసి పెడుతుంది. రెండు లక్షణాల మధ్య సంబంధం, ఉదాహరణకు ఆందోళనకూ స్కోరుకూ ఉన్న కోరిలేషన్, చూడాలంటే దాని కొలత అయిన ఆర్ 0.3కి 85 మంది, 0.2కి 194 మంది కావాలి. మన దగ్గర థీసిస్‌లలో ఎంతో ఇష్టంగా వాడే "30 మంది చాలు" అన్న సూత్రానికి ఇక్కడ చోటు లేదు. 30 మందితో ఆర్ 0.4 వచ్చిందనుకోండి, దాని 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, అంటే నిజమైన విలువ ఉండగల పరిధి, 0.05 నుంచి 0.66 దాకా ఉంటుంది. దాదాపు సంబంధం లేదనడం నుంచి చాలా గట్టి సంబంధం ఉందనడం వరకు ఏదైనా కావచ్చు. అంత వెడల్పాటి జవాబుతో కోచ్ ఏ నిర్ణయమూ తీసుకోలేడు.

అసలు కష్టం డి ఎంత పెట్టాలన్నదే. ఎక్కువమంది చేసే పొరపాటు, చిన్న పైలట్ అధ్యయనంలో వచ్చిన డిని తీసుకెళ్లి జీ-పవర్‌లో వేయడం. పైలట్‌లో పన్నెండేసి మందితో 0.85 వచ్చింది కదా అని వేస్తే, సాఫ్ట్‌వేర్ "గ్రూపుకు 23 మంది చాలు" అంటుంది. కానీ ఆ 0.85 చుట్టూ ఉన్న ఇంటర్వెల్ దాదాపు సున్నా నుంచి 1.7 వరకు ఉంది. నిజం 0.3 అయితే కావలసింది 176. పైలట్ అధ్యయనం పరికరం పనిచేస్తుందా, పిల్లలు ఆరు వారాలు నిలబడతారా, ప్రశ్నలు అర్థమవుతున్నాయా అన్నవి చూసుకోవడానికి పనికొస్తుంది. ప్రభావం సైజు చెప్పడానికి పనికిరాదు.

డి కోసం కోచ్‌ను అడగండి. "రోజూ పావుగంట చొప్పున ఆరు వారాలు ఖర్చు పెడితే, ఇరవై సర్వీసులకు కనీసం ఎన్ని మెరుగుపడితే మీకు అది పెట్టదగిన సమయం అనిపిస్తుంది?" ఆయన "ఒకటన్నా పెరగాలి" అంటే, పట్టుకోవలసిన కనీస తేడా అదే. ఆ జవాబు సైనాప్సిస్‌లో కారణంతో సహా రాయాలి.

మూడొందల యాభై మంది ఎక్కడ దొరుకుతారు?

దొరకరు. ఇంత పెద్ద హైదరాబాద్‌లో కూడా, ఒకే వయసులో ఒకే స్థాయి షట్లర్లను 350 మందిని ఒక అధ్యయనానికి పోగుచేయడం మామూలు రీసెర్చ్ స్కాలర్‌కు అయ్యే పని కాదు. అందుకే ఆటల పరిశోధనలో తెలివంతా డిజైన్‌లో చూపించాలి. మన ఉదాహరణలోనే ఎంత తగ్గించొచ్చో చూద్దాం.

మొదటిది కొలత. పిల్లల మధ్య స్టాండర్డ్ డీవియేషన్ 3 అంటే దాని వర్గమైన వేరియన్స్ 9. ఇరవై సర్వీసుల పరీక్షలో కేవలం అదృష్టం వల్ల వచ్చే వేరియన్సే సుమారు 4.8. అంటే కొలిచినదాంట్లో సగానికి పైగా నైపుణ్యంతో సంబంధం లేనిదే. ఇరవైకి బదులు వంద సర్వీసులు వేయిస్తే, అదే ఇరవై సర్వీసుల కొలమానం మీద అదృష్టం పాలు అయిదో వంతుకు, అంటే 0.96కు తగ్గుతుంది. మొత్తం డీవియేషన్ 3 నుంచి 2.3 దగ్గరికి వస్తుంది. తేడా అదే 0.9 సర్వీసు, కానీ డి 0.3 నుంచి 0.4కు పెరుగుతుంది. కావలసినవాళ్లు గ్రూపుకు 176 నుంచి సుమారు 100కు తగ్గిపోయారు. ఒక్క పిల్లాణ్ని కూడా అదనంగా చేర్చకుండా! అయితే ఆ వంద ఒకేరోజు వేయిస్తే చివరి ముప్పైలో కొలిచేది అలసటనే. రోజుకు ఇరవై చొప్పున అయిదు రోజులు వేయించాలి. గడిలో పడిందో లేదో చెప్పేవాళ్లకు ఏ పిల్ల ఏ గ్రూపో తెలియకూడదు. ఫోన్‌ను ట్రైపాడ్ మీద పెట్టి వీడియో తీసి ఇద్దరిచేత విడివిడిగా లెక్కపెట్టించడం అన్నిటికంటే మేలు.

రెండోది, శిక్షణకు ముందు కూడా అదే పరీక్ష పెట్టి, ఆ స్కోరును విశ్లేషణలో కోవేరియేట్‌గా, అంటే పిల్లల మధ్య మొదటినుంచీ ఉన్న తేడాల పాలు తీసేసే అంకెగా, చేర్చడం. ముందు స్కోరుకూ తర్వాతి స్కోరుకూ కోరిలేషన్ 0.7 ఉంటే, కావలసిన శాంపిల్ దాదాపు సగానికి తగ్గుతుంది. గ్రూపుకు వంద కాస్తా 51 అవుతుంది. రెండు గ్రూపులూ కలిపి సుమారు 350 నుంచి 100కు వచ్చాం. వంద మంది అంటే నాలుగైదు అకాడమీలు కలిస్తే అయ్యే పని.

ఇక్కడే చాలా థీసిస్‌లు పడిపోయే గొయ్యి ఒకటుంది. సౌకర్యం కోసం ఒక అకాడమీకి మొత్తం ఇమేజరీ ఇచ్చి, ఇంకో అకాడమీని కంట్రోల్‌గా, అంటే శిక్షణ ఇవ్వకుండా పోలిక కోసం, పెడతారు. అక్కడ 30, ఇక్కడ 30, కలిపి 60 మంది అని రాస్తారు. కానీ రెండు అకాడమీలకూ కోచ్ వేరు, హాలు వేరు, ఫీజు కట్టే కుటుంబాలు వేరు. తేడా వచ్చినా అది ఇమేజరీ వల్లనా, కోచ్ వల్లనా చెప్పే దారే లేదు. పోల్చింది అరవై మందిని అనుకుంటాం గానీ నిజానికి పోల్చింది రెండు అకాడమీలను. అకాడమీలు ఎక్కువ ఉన్నా నష్టం మిగిలే ఉంటుంది. ఒకే కోచ్ దగ్గర నేర్చుకునే పిల్లలు ఒకరినొకరు పోలి ఉంటారు. ఆ పోలిక 0.1 స్థాయిలో ఉండి, అకాడమీకి 20 మంది ఉంటే, 1కి 19 గుణించు 0.1 కలిపితే 2.9. మొత్తం 100 మందిని 2.9తో భాగిస్తే మీ దగ్గర ఉన్నది నిజానికి 34 మందితో సమానం. అందుకని ప్రతి అకాడమీ లోపలే పిల్లల్ని చీటీలు తీసి రెండు గ్రూపులుగా విడదీయాలి. ఒకే హాల్లో పిల్లలు ఒకరికొకరు చెప్పేసుకుంటారన్న భయం న్యాయమైనదే. ఇమేజరీ గ్రూపును వేరే గదిలో, వేరే సమయంలో కూర్చోబెట్టి, చివర్లో కంట్రోల్ పిల్లలను "నువ్వు కూడా చేశావా?" అని అడిగి నమోదు చేసుకోవడం ఆచరణలో కుదిరే మార్గం. వీలుకాకపోతే అకాడమీల సంఖ్యే పెంచాలి, ఒక్కో అకాడమీలో పిల్లల సంఖ్య కాదు.

ప్రభావం కాసేపే ఉండే విషయాలకు ఇంకా చవకైన దారి ఉంది. సర్వీసుకు ముందు ఒక మాట తమలో తాము అనుకోవడం, లేదా వార్మప్‌లో సంగీతం వినడం లాంటివాటికి ప్రతి ఆటగాడినీ రెండు పరిస్థితుల్లోనూ పరీక్షించొచ్చు. డి 0.5 పట్టుకోవడానికి వేర్వేరు గ్రూపులైతే 128 మంది కావాలి. ఒకే మనిషి స్కోర్ల మధ్య కోరిలేషన్ 0.7 ఉంటే 21 మంది చాలు. సగం మందికి ముందు సంగీతం, సగం మందికి ముందు నిశ్శబ్దం ఇవ్వాలి. ఇమేజరీకి మాత్రం ఇది పనికిరాదు. ఒకసారి నేర్చుకున్న సాధనను రెండో దశలో మరిచిపొమ్మని ఎవరికీ చెప్పలేం.

ఇక అగ్రశ్రేణి ఆటగాళ్లు. లండన్ 2012లో సైనా కాంస్యం, రియో 2016లో సింధు రజతం ఈ ఊరి కోర్టుల మీద తయారైనవే. కానీ అలాంటివారిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. "ఛాంపియన్ల మనసు ఎలా ఉంటుంది" అని ముగ్గురినీ ముగ్గురినీ పోల్చే అధ్యయనానికి ఏ గణాంకమూ జవాబివ్వలేదు. అయిదుగురే ఉన్నప్పుడు చేయదగినది, ఒక్కొక్కరినీ 30 సెషన్ల పాటు కొలుస్తూ, శిక్షణ ఎవరికి ఏ సెషన్‌లో మొదలవ్వాలో ఎనిమిదికీ ఇరవైకీ మధ్య చీటీ తీసి నిర్ణయించడం. అయిదుగురిలోనూ వాళ్ల వాళ్ల మొదలు తర్వాతే మెరుగుదల కనబడితే, అది ముప్పై మందితో అలవాటుగా చేసే మామూలు అధ్యయనం కంటే గట్టి ఆధారం.

ఆందోళన స్కోర్లు వాటంతటవే ఎందుకు తగ్గుతాయి

మన వ్యాయామ విద్య థీసిస్‌లలో బాగా కనబడే ప్రశ్నావళి స్పోర్ట్ కాంపిటిషన్ యాంగ్జైటీ టెస్ట్. అందులో 15 ప్రశ్నలుంటాయి, పదింటికే మార్కులు, స్కోరు 10 నుంచి 30 మధ్య ఉంటుంది. ఎక్కువ స్కోరు వచ్చినవాళ్లను ఏరి, యోగానో ప్రాణాయామమో నేర్పి, మళ్లీ కొలిచి, తగ్గిందని చూపిస్తారు. కంట్రోల్ గ్రూపు ఉండదు. మొత్తం పిల్లల సగటు 20, ఏరినవాళ్ల సగటు 26, రెండు పరీక్షల మధ్య కోరిలేషన్ 0.7 అనుకుంటే, ఏమీ చేయకుండా వదిలేసినా రెండోసారి వాళ్ల సగటు 24.2 దగ్గరికి వస్తుంది. ఆ రోజు ఏ కారణం చేతనో ఎక్కువ కంగారుపడినవాళ్లు కూడా ఏరినవాళ్లలో కలిసి ఉంటారు కనుక అలా జరుగుతుంది. ప్రాణాయామం మంచిదే కావచ్చు. ఈ డిజైన్ మాత్రం ఆ సంగతి చెప్పలేదు. అంతే స్కోరు ఉన్నవాళ్లలో సగం మందిని చీటీ తీసి వెయిటింగ్ లిస్టులో పెట్టి, అధ్యయనం అయ్యాక వాళ్లకూ నేర్పితే చిక్కు తీరుతుంది.

ప్రశ్నావళిని తెలుగులోకి దించేటప్పుడు ఒకరు అనువదించి, ఇంగ్లీషు మూలం చూడని ఇంకొకరు తిరిగి ఇంగ్లీషులోకి మార్చి, రెండూ పోల్చాలి. తర్వాత ఎనిమిది పదిమంది పిల్లలచేత పైకి చదివించి, ప్రతి ప్రశ్నకూ వాళ్లకేం అర్థమైందో చెప్పించుకోవాలి. ఈ ఊళ్లో ఒకే బ్యాచ్‌లో తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మీడియం పిల్లలు ఉంటారు. మూడు భాషల ప్రతులు ఒకేలా కొలుస్తున్నాయో లేదో చూడకుండా స్కోర్లు కలిపేయకూడదు. విశ్వసనీయత, అంటే మళ్లీ కొలిస్తే అదే స్కోరు వచ్చే నిలకడ, 0.7 ఉన్న ప్రశ్నావళి వాడితే, పరిపూర్ణమైన కొలతతో 100 మందితో అయ్యే పనికి 143 మంది కావాలి.

ముందే రాసిపెట్టడం

శాంపిల్ సరిపోయినా ఫలితాన్ని పాడుచేసేది విశ్లేషణలోని స్వేచ్ఛ. ఒక ప్రశ్నావళికి ఏడు ఉపవిభాగాలుంటే, వాటికి ఒకదానితో ఒకటి సంబంధం లేదనుకుంటే, ఏ ప్రభావమూ లేకపోయినా కనీసం ఒకటి "గణనీయం" అయ్యే అవకాశం 30 శాతం. పది ఉంటే 40. ఇంకో అలవాటు, కొందరిని కొలిచి, పి విలువ చూసి, రాకపోతే ఇంకొందరిని చేర్చడం. 2011లో సిమన్స్, నెల్సన్, సైమన్‌సన్ అనే పరిశోధకులు దీన్ని సిమ్యులేషన్‌తో చూపించారు. గ్రూపుకు పదిమందితో మొదలుపెట్టి, ఒక్కొక్కరిని చేర్చినప్పుడల్లా పరీక్షిస్తూ యాభై దాకా పోతే, తప్పుడు ఫలితం 5 శాతం సార్లకు బదులు 22 శాతం సార్లు వస్తుంది.

మధ్యలో చూడడం నేరం కాదు. ఎన్నిసార్లు చూస్తారో ముందే చెప్పి హద్దు బిగించుకుంటే చాలు. సగం డేటా దగ్గర ఒకసారి, చివర ఒకసారి చూస్తానంటే, రెండుసార్లూ 0.05కు బదులు 0.0294 హద్దుగా పెట్టుకోవాలి. ఆటగాళ్లు దొరకడం కష్టమైనచోట ఇది నిజంగా ఉపయోగపడుతుంది, ప్రభావం పెద్దదైతే సగం మందితోనే ఆపేయొచ్చు.

ఇవన్నీ, అంటే ప్రధాన కొలత ఏది, ఎంతమంది, ఎవరిని తీసేస్తారు, మధ్యలో మానేసినవాళ్లను ఏం చేస్తారు అన్నవి, డేటా సేకరణకు ముందే ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్ అనే వెబ్‌సైటులో తేదీతో సహా నమోదు చేయాలి. ఆరోగ్యానికి సంబంధించిన జోక్యమైతే భారత వైద్య పరిశోధన మండలి నడిపే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ కూడా ఉంది. రెండూ ఉచితమే. పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతితో పాటు ఏడేళ్లు దాటినవాళ్లది నోటిమాట అంగీకారం, పన్నెండు దాటినవాళ్లది రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. గణాంకవేత్త దగ్గరికి వెళ్లవలసిన సమయం కూడా ఇదే. హబ్సిగూడలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ శాఖ ఉంది, ఉస్మానియాలో స్టాటిస్టిక్స్ విభాగం ఉంది. డేటా అయిపోయాక వెళితే, ఏం తప్పు జరిగిందో చెప్పడం తప్ప వాళ్లు చేయగలిగింది తక్కువ.

అంకెలు ఇంకొకరి చేతిలో పెట్టినప్పుడు

మళ్లీ అదే డేటాతో అదే జవాబు రావడం కనీస షరతు. అదే చాలాచోట్ల కుదరదు. సరిచూడడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు. పన్నెండు మంది ఆందోళన స్కోర్ల సగటు 21.37 అని పేపర్లో ఉందనుకోండి. స్కోర్లన్నీ పూర్ణ సంఖ్యలే కాబట్టి వాటి మొత్తమూ పూర్ణ సంఖ్యే. 256ను 12తో భాగిస్తే 21.33, 257ను భాగిస్తే 21.42. మధ్యలో 21.37 రావడం అసాధ్యం. కొందరి అంకెలు లెక్కలోంచి జారిపోవడమో, టైపింగ్ పొరపాటో, ఇంకేదో జరిగింది. ఇదే లెక్కను గ్రిమ్ పరీక్ష అంటారు. చిన్న శాంపిళ్ల మీదే ఇది బాగా పనిచేస్తుంది. టీ విలువకూ పి విలువకూ పొంతన ఉందో లేదో యంత్రంతో చూసే స్టాట్‌చెక్ అనే పనిముట్టుతో 2016లో వేల మనస్తత్వ పేపర్లను పరీక్షిస్తే, సగం వాటిలో కనీసం ఒక పొరపాటు ఉంది. ఎనిమిదింట ఒకదానిలో ఆ పొరపాటు నిర్ధారణనే మార్చగలిగినంత పెద్దది.

ఎక్సెల్ షీటులో అసలు స్కోర్ల ప్రతిని ఎప్పుడూ ముట్టుకోకుండా పక్కన ఉంచి, ప్రతి మార్పునూ ఆర్ అనే గణాంక ప్రోగ్రామింగ్ భాషలోనో, ఉచితంగా దొరికే జామోవి, జాస్ప్ లాంటి గణాంక సాఫ్ట్‌వేర్లలోనో నమోదయ్యేలా చేయాలి. ఏ కాలమ్ ఏమిటో, తిరగేసి మార్కులు వేసిన ప్రశ్నలేవో ఒక పేజీలో రాయాలి. డేటా పంచుకునేటప్పుడు ఆటల్లో ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటి కావాలి. పేరు తీసేసినా "17 ఏళ్లు, అమ్మాయి, బ్యాడ్మింటన్, జాతీయ పతకం" అన్న వరస చదివితే హైదరాబాద్‌లో ఎవరో అందరికీ తెలిసిపోతుంది. వయసును శ్రేణులుగా మార్చి, పతకాల వివరం తీసేసి, ఏ వివరాల కలయిక తీసుకున్నా కనీసం అయిదుగురు ఒకేలా కనబడేంతవరకు కుదించాకే బయటపెట్టాలి.

ఏ తేడా రాని అధ్యయనాన్ని జర్నళ్లు సులభంగా తీసుకోవు. థీసిస్‌లు మాత్రం తేడా వచ్చిందా రాలేదా అన్నదానితో పనిలేకుండా, భారతీయ విశ్వవిద్యాలయాల థీసిస్‌లను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో చేరతాయి, కాబట్టి వడపోత తక్కువ ఉన్న ఖజానా అదే. రేపు ఎవరైనా తెలుగు రాష్ట్రాల ఇమేజరీ అధ్యయనాలన్నిటినీ కలిపి చూడాలంటే వెతికేది అక్కడే. వాళ్లకు కావలసినవి, "గణనీయం", "గణనీయం కాదు" అన్న మాటలతో సరిపెట్టిన పట్టికలు కాదు. ప్రతి గ్రూపులో చివరిదాకా మిగిలినవాళ్ల సంఖ్య, ముందూ తర్వాతా సగటు, స్టాండర్డ్ డీవియేషన్, తేడా చుట్టూ ఇంటర్వెల్, ఇంకా దాదాపు ఎవరూ రాయని ఆ ముందు-తర్వాత స్కోర్ల కోరిలేషన్. ఆ చివరి అంకె ఉంటేనే వచ్చే ఏడాది అధ్యయనం చేసేవాళ్లు, 0.7 అని ఊహించుకోకుండా, తమ శాంపిల్‌ను నిజమైన లెక్కతో వేసుకోగలుగుతారు.